మీరు నిద్రపోతున్నా నడిచే వెబ్ యాప్: డెబియన్ సర్వర్ మీద నిలబెట్టడం ఎలా

విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర మా మావయ్య ఐసు అమ్ముతాడు. వేటకెళ్లే ప్రతి బోటూ బయల్దేరేముందు ఐసు ఎక్కించుకోవాల్సిందే. ఏ బోటుకు ఎన్ని దిమ్మలు, ఎన్నింటికి పంపాలి, పాత బాకీ ఎంత అన్నదంతా చాలా ఏళ్లు ఒక చిరిగిన నోటు పుస్తకంలో సగం, ఆయన బుర్రలో సగం ఉండేది. నేను దాన్ని పైథాన్ భాషలో, జాంగో అనే వెబ్ లైబ్రరీతో చిన్న వెబ్ యాప్ చేశాను. యాప్ రాయడం మూడు ఆదివారాల పని. సర్వర్ మీద పెట్టడం ఒక పూట. ఆ తర్వాత ఏడాదిలో అది నాలుగుసార్లు పడిపోయింది. నాలుగుసార్లూ ఆర్డర్లు జోరుగా వచ్చే వేళకే.

ఆ నాలుగూ మీకు జరగకుండా ఎలా పెట్టుకోవాలో వరసగా చెబుతాను. మీ యాప్ ఐసుది కాకపోవచ్చు. ఎంవీపీ కాలనీలో ట్యూషన్ ఫీజుల లెక్కయినా, పూర్ణా మార్కెట్‌లో కొట్టు స్టాకు లెక్కయినా పని ఇదే. నోడ్‌లోనో పీహెచ్‌పీలోనో రాసుకున్నా మధ్యలో రెండు మెట్లు మారతాయి తప్ప మిగతాదంతా అంతే. కమాండ్లను ఫోనులో చెప్పినట్టు, పలికే తీరులోనే రాస్తున్నాను. ఇంగ్లిష్‌లో కొట్టుకోవడం మీ వంతు.

ఏ ఓఎస్, ఎక్కడి యంత్రం

నా ఓటు డెబియన్ అనే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు (ఓఎస్‌కు). 1993 నుంచి నడుస్తున్న ప్రాజెక్టు, వెనక ఏ ఒక్క కంపెనీ లేదు, ఒక వెర్షన్ వస్తే దాదాపు ఐదేళ్లు భద్రతా సవరణలు అందుతాయి. 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్‌తో మొదలుపెట్టండి. ఉబుంటు చేతికి అలవాటై ఉంటే అదీ మంచిదే, కానీ ఎల్‌టీఎస్ (ఎక్కువ ఏళ్లు సవరణలు అందేది) అని ఉన్నదే తీసుకోండి. రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వచ్చేది అదే. మధ్యలో వచ్చేవాటికి తొమ్మిది నెలలే ఆయుష్షు.

రెడ్‌హ్యాట్ కంపెనీ లినక్స్ అలవాటున్నవాళ్లకు రాకీ, ఆల్మా ఉన్నాయి. ఆ రెండూ పుట్టడానికి కారణం రెడ్‌హ్యాట్‌కు ఉచిత రూపమైన సెంటోస్ గొడవ. సెంటోస్ 8 ని 2029 దాకా వాడుకోవచ్చనుకున్నవాళ్లకు 2021 డిసెంబరు 31తోనే అది ఆగిపోయింది. ఉచితమా కాదా అన్నది ఎవరైనా చూస్తారు. ఎన్నేళ్లు సవరణలు వస్తాయి, ఆ మాట ఎవరిది అన్నది కూడా చూసుకోండి.

యంత్రం సంగతి. మొదట గాజువాకలో మా ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీదే పెడదామనుకున్నాను. అక్కడే ఆగిపోయాను. ఇళ్లకిచ్చే బ్రాడ్‌బ్యాండ్‌లో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటికి కనబడే ఇంటర్నెట్ చిరునామా, ఉండదు. బోలెడన్ని ఇళ్లు ఒకే చిరునామా వెనక నిలబడతాయి, దాన్ని సీజీనాట్ అంటారు. బయటివాళ్లు మీ యంత్రం తలుపు తట్టే దారే ఉండదు. అదొక్కటే కాదు, కరెంటు బెడద ఉంది, సముద్రపు గాలి ఉంది. మా మేడమీద ఫ్యాన్ రెక్కకే రెండేళ్లలో తుప్పు పడుతుంది, సర్క్యూట్ బోర్డు ఎంత!

కాబట్టి ఎవరో ఒకరి దగ్గర చిన్న వర్చువల్ సర్వర్, అంటే వాళ్ల పెద్ద యంత్రంలో ఒక వాటా, అద్దెకు తీసుకోండి. ముంబై, హైదరాబాద్, బెంగళూరు, ఏదైనా ఫర్వాలేదు, దేశంలో ఉంటే చాలు. ఒక కోర్, ఒక జీబీ ర్యామ్ ఉన్నది నెలకు ఐదారు వందల రూపాయల్లో దొరుకుతుంది. రోజుకు కొన్ని వందల ఆర్డర్లకు అది ఎక్కువే. గూగుల్ మన విశాఖలో డేటా సెంటర్ కడతామని 2025 అక్టోబరులో ప్రకటించినప్పటి నుంచి మావయ్య 'ఊళ్లోనే వస్తంది కదరా, ఆగుదాం' అంటున్నాడు. ఐసు ఆర్డర్లకు ముంబై అయినా మధురవాడ అయినా తేడా తెలియదని ఇంకా నచ్చజెబుతూనే ఉన్నాను.

మొదటి గంట: తలుపులు, తాళాలు

సర్వర్ చేతికొచ్చిన నిమిషం నుంచే ఎవరెవరో దాని తలుపు తడుతుంటారు. మీరు ఎవరో వాళ్లకు తెలియదు, ఇంటర్నెట్‌లో ప్రతి చిరునామానూ తట్టి చూసే రోబోలు అవి. అందుకని ముందు తాళం సంగతి చూడండి.

దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారిని ఎస్ఎస్‌హెచ్ అంటారు. మీ ల్యాప్‌టాప్‌లో 'ఎస్ఎస్‌హెచ్ కీజెన్' నడిపి, ఈడీ25519 రకం తాళంచెవి జత చేసుకోండి. పబ్లిక్ భాగాన్ని సర్వర్‌కు ఇవ్వండి, ప్రైవేట్ భాగం ల్యాప్‌టాప్ దాటకూడదు. సర్వర్‌లో మీ పేరున ఒక మామూలు యూజర్‌ను చేసి, సుడో హక్కు (యంత్రం సర్వాధికారి అయిన రూట్‌లా కమాండ్లు నడిపే అనుమతి) ఇచ్చి, ఆ పేరుతో లాగిన్ అవుతోందని చూసుకున్నాక పాస్‌వర్డ్ లాగిన్‌నూ రూట్ లాగిన్‌నూ మూసేయండి.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసే చోటు ఒకటుంది. అసలు కాన్ఫిగ్ ఫైల్లో 'పాస్‌వర్డ్ అథెంటికేషన్ నో' అని రాస్తారు, మూసేశామనుకుంటారు. కానీ ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ఒకే సెట్టింగు రెండుసార్లు కనిపిస్తే మొదట చదివినదాన్నే పాటిస్తుంది. కొన్ని క్లౌడ్ కంపెనీల ఇమేజ్‌లలో (యంత్రం మీద ముందే ఎక్కించి ఇచ్చే ఓఎస్ ప్రతుల్లో) పక్కనున్న 'డాట్ డీ' ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైలు 'యెస్' అని ముందే చెప్పి కూర్చుంటుంది. కాబట్టి రాసింది నమ్మొద్దు, 'సుడో ఎస్ఎస్‌హెచ్‌డీ' కొట్టి పక్కన హైఫన్, పెద్ద టీ పెట్టండి. చివరికి ఏది చెల్లుతోందో అది చూపిస్తుంది. ఈ మార్పులు చేస్తున్నంతసేపూ పాత టెర్మినల్ మూయకండి. కొత్త కిటికీలో లాగిన్ అయ్యాకే పాతది వదలండి. లేకపోతే తాళం లోపల పెట్టి తలుపు లాగేసినట్టే.

తర్వాత 'ఆప్ట్ అప్‌డేట్', 'ఆప్ట్ అప్‌గ్రేడ్' కొట్టి, ఉన్న సాఫ్ట్‌వేర్‌ను తాజా చేయండి. భద్రతా సవరణలు వాటంతటవే పడేందుకు 'అన్అటెండెడ్ అప్‌గ్రేడ్స్' ప్యాకేజీ పెట్టండి. దాన్ని పెట్టాక కూడా కొత్త కెర్నెల్ (ఓఎస్ గుండెకాయ) రీబూట్ అయ్యేదాకా అమల్లోకి రాదు, గుర్తుంచుకోండి.

ఫైర్‌వాల్‌కు, అంటే అనుమతి లేనివాళ్లను ఆపే గోడకు, యూఎఫ్‌డబ్ల్యూ అనే ప్యాకేజీ చాలు. ముందు ఎస్ఎస్‌హెచ్‌కు అనుమతి ఇచ్చి ఆ తర్వాతే ఎనేబుల్ చేయండి. వరస తిరగబడితే మీరే బయట ఉండిపోతారు. తెరవాల్సినవి మూడే పోర్టులు, అంటే మూడే తలుపులు: ఎస్ఎస్‌హెచ్‌కు 22, హెచ్‌టీటీపీకి 80, హెచ్‌టీటీపీఎస్‌కు 443. ఈ మాట మావయ్యకు చెబితే, 'మనకున్నవి రెండే కదరా, గంగవరంతో కలిపి' అన్నాడు. 80 అక్కర్లేదులే అనిపిస్తుంది, దాన్ని మాత్రం మూయకండి. ఎందుకో సర్టిఫికెట్ దగ్గర చెబుతాను, ఆ కథ ఉంది.

డాకర్ (యాప్‌లను కంటైనర్లనే విడివిడి డబ్బాల్లో నడిపే సాధనం) వాడేవాళ్లకు ఒక మాట. డాకర్ తెరిచిన పోర్టు యూఎఫ్‌డబ్ల్యూ నిబంధనలను పట్టించుకోకుండా బయటికి కనబడుతుంది. డేటాబేస్ కంటైనర్‌ను అలా ఊరందరికీ తెరిచిపెట్టి, మూశామనుకున్నవాళ్లను చూశాను. ఒక్క యాప్, ఒక్క సర్వర్ అయితే నేను డాకర్ జోలికే పోను.

జ్ఞాపకం, గడియారం

ఒక జీబీ యంత్రాలు చాలావరకు స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు చోటు) లేకుండా వస్తాయి. ర్యామ్ నిండితే కెర్నెల్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపి చోటు చేసుకుంటుంది. సాధారణంగా లావుగా ఉన్నదాన్నే ఎంచుకుంటుంది, అది తరచూ డేటాబేసే అవుతుంది. నా యాప్ రెండోసారి పడిపోయింది ఇలాగే. ఆ రోజు నెలవారీ బిల్లులన్నీ ఒకేసారి పీడీఎఫ్ చేయమని మావయ్య బటన్ నొక్కాడు, నా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ పోయింది. రెండు జీబీల స్వాప్ ఫైలు చేయండి: 'ఎఫ్ అలోకేట్'తో ఫైలు, దానికి 600 అనుమతి (యజమాని తప్ప ఎవరూ చదవలేనిది), 'ఎంకే స్వాప్', 'స్వాప్ ఆన్', చివరికి ఎఫ్‌స్టాబ్ అనే ఫైల్లో ఒక వరస. ఆ చివరి వరస మరిచిపోతే రీబూట్‌తో స్వాప్ మాయమవుతుంది.

గడియారం కూడా ఇప్పుడే సరిచేయండి. 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్ టైమ్‌జోన్ ఏషియా స్లాష్ కోల్‌కతా'. సర్వర్లు యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకున్న సమయంలో, వస్తాయి. రాత్రి రెండింటికి బ్యాకప్ తియ్యమని నేను క్రాన్‌లో (వేళకు పనులు నడిపే సర్వీసులో) పెట్టింది పొద్దున్న ఏడున్నరకు నడిచేది, సరిగ్గా లెక్కలు చూసుకునే వేళకు. జోన్ మార్చాక క్రాన్ సర్వీసును ఒకసారి రీస్టార్ట్ చేయండి, లేకపోతే అది పాత లెక్కనే పట్టుకుని ఉంటుంది.

యాప్‌కు ఇల్లు

యాప్‌ను మీ హోమ్ ఫోల్డర్‌లో పెట్టకండి. ఉబుంటు కొత్త వెర్షన్లలో హోమ్ ఫోల్డర్ ఇతరులకు మూసి ఉంటుంది. ఎంజినెక్స్ (బ్రౌజర్లకు పేజీలు అందించే వెబ్ సర్వర్) వచ్చి మీ సీఎస్ఎస్ (పేజీ అలంకరణ) ఫైళ్లు చదవబోతే 403, అంటే అనుమతి లేదు, అని తిప్పి పంపుతుంది, పేజీ బట్టల్లేకుండా కనబడుతుంది. 'ఎస్‌ఆర్‌వీ' డైరెక్టరీ కింద ఒక ఫోల్డర్ చేయండి. నాది 'ఐసు'. అదే పేరుతో లాగిన్ లేని ఒక సిస్టమ్ యూజర్‌ను చేసి, యాప్‌ను ఆ యూజర్ పేరు మీదే నడపండి. యాప్‌లో రేపేదైనా కన్నం పడినా దొంగ ఆ గదిలోనే ఉంటాడు.

పైథాన్ లైబ్రరీలు పెట్టబోతే డెబియన్ 12 నుంచి 'ఎక్స్‌టర్నలీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అని ఎర్రగా అడ్డం తిరుగుతుంది. ఇంటర్నెట్‌లో వెతికితే 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' అనే చిట్కా దొరుకుతుంది. ఆ పేరే ఏం జరుగుతుందో చెబుతోంది, వాడకండి. ఓఎస్ సొంత పనులకు కూడా పైథాన్ మీదే ఆధారపడుతుంది. దాని సామాను దానికుంచి, మీ యాప్‌కు 'వెన్వ్'తో విడిగా గది కట్టుకోండి. డేటాబేస్ పాస్‌వర్డ్, సీక్రెట్ కీ లాంటివి కోడ్‌లో రాయకుండా ఒక ఎన్విరాన్‌మెంట్ ఫైల్లో పెట్టి, 600 అనుమతి ఇవ్వండి. జాంగోలో డీబగ్ (తప్పుల లోపలి వివరాలు చూపించే సెట్టింగు) ఫాల్స్ చేశారా అన్నది రెండుసార్లు చూసుకోండి.

సిస్టమ్‌డీ: ఇక్కడ తొందరపడకండి

ట్యుటోరియల్స్ చాలావరకు ఇక్కడే చేతులెత్తేస్తాయి. టెర్మినల్‌లో గునికార్న్ (పైథాన్ యాప్‌ను నడిపే సర్వర్) నడిపి, బ్రౌజర్‌లో పేజీ చూపించి, అయిపోయింది అంటారు. టెర్మినల్ మూస్తే అదీ పోతుంది. కొందరు, టెర్మినల్ మూసినా నడుస్తూ ఉంచే 'స్క్రీన్' లోపల వదిలేస్తారు. అది యంత్రం రీబూట్ అయ్యేదాకానే.

నా మొదటి పడిపోవడం అదే. సర్వర్ ఇచ్చినవాళ్లు ముందే మెయిలు పెట్టి, ఒక రాత్రి యంత్రాన్ని మరమ్మతుకు ఆపి మళ్లీ లేపారు. తప్పు వాళ్లది కాదు. ఎంజినెక్స్ లేచింది, పోస్ట్‌గ్రెస్ లేచింది, నా యాప్ లేవలేదు. మూడున్నరకు మావయ్య ఫోను. పక్కన సరంగు (బోటు నడిపేవాడు) అరుపులు వినబడుతున్నాయి. నిద్రకళ్లతో ఫోనులోంచి లాగిన్ అయి, ఏ ఫోల్డర్‌లో ఏ కమాండ్ కొట్టానో గుర్తుచేసుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

కాబట్టి యాప్‌ను సిస్టమ్‌డీ (యంత్రం లేవగానే సర్వీసులను లేపి చూసుకునేది) చేతికి అప్పజెప్పండి. 'ఈటీసీ, సిస్టమ్‌డీ, సిస్టమ్' ఫోల్డర్‌లో 'ఐసు డాట్ సర్వీస్' అనే ఫైలు చేయండి. అందులో మూడు భాగాలు.

మొదటిది యూనిట్. 'ఆఫ్టర్' దగ్గర నెట్‌వర్క్, పోస్ట్‌గ్రెస్ పేర్లు రాయండి, అవి లేచాక దీన్ని లేపమని.

రెండోది సర్వీస్, అసలు సరుకు ఇక్కడే. ఏ యూజర్, ఏ ఫోల్డర్, ఏ ఎన్విరాన్‌మెంట్ ఫైలు, ఏ కమాండ్. కమాండ్‌లో వెన్వ్ లోపలి గునికార్న్‌కు పూర్తి దారి ఇవ్వాలి, 'యాక్టివేట్' లాంటివి ఇక్కడ చెల్లవు. వర్కర్లు (పని పంచుకునే ప్రాసెస్‌లు) ఎన్ని అంటే కోర్‌ల సంఖ్యను రెండుతో గుణించి ఒకటి కలపమని గునికార్న్ వాళ్ల లెక్క, అంటే ఒక కోర్‌కు మూడు. వినాల్సిన చిరునామా 127.0.0.1, పోర్టు 8000. అలా పెడితే యాప్ సొంత యంత్రంతోనే మాట్లాడుతుంది, బయటికి కనబడదు. తర్వాత 'రీస్టార్ట్ ఆల్వేస్', 'రీస్టార్ట్ సెక్' 5. ఈ ఐదు సెకన్లు చిన్న విషయంలా ఉంటుంది కానీ కాదు. అది రాయకపోతే సిస్టమ్‌డీ పడిపోయిన యాప్‌ను సెకనులో పదో వంతుకే మళ్లీ లేపుతుంది. పది సెకన్లలో ఐదుసార్లు లేపినా నిలబడకపోతే ఇక నావల్ల కాదని వదిలేస్తుంది. డేటాబేస్ లేవడానికి కాస్త ఆలస్యమైతే చాలు, మీ యాప్‌కు ఆ గతి పడుతుంది.

మూడోది ఇన్‌స్టాల్. 'వాంటెడ్ బై మల్టీ యూజర్ డాట్ టార్గెట్'.

ఇప్పుడు 'సిస్టమ్‌సీటీఎల్ డెమన్ రీలోడ్', ఆ తర్వాత 'ఎనేబుల్, హైఫన్ హైఫన్ నౌ, ఐసు'. స్టార్ట్ అంటే ఇప్పుడు లేపు అని. ఎనేబుల్ అంటే యంత్రం లేచినప్పుడల్లా లేపు అని. ఈ రెండూ వేరన్న సంగతి తెలియకే నాకు ఆ రాత్రి నిద్ర పోయింది.

అంతటితో వదలకండి. 'సుడో రీబూట్' కొట్టి, టీ తాగి రండి. లాగిన్ అవకుండా, నేరుగా బ్రౌజర్ తెరిచి చూడండి. పేజీ వస్తే ఈ మెట్టు అయినట్టు. రాకపోతే 'జర్నల్‌సీటీఎల్, హైఫన్ యూ, ఐసు' ఏం జరిగిందో చెబుతుంది. ఇకనుంచి ఏ మార్పు చేసినా చివర్లో ఒక రీబూట్ చేసి చూడడం అలవాటు చేసుకోండి.

ముందు గుమాస్తా: ఎంజినెక్స్

జనాన్ని నేరుగా గునికార్న్ దగ్గరికి పంపరు. ముందు ఎంజినెక్స్ కూర్చుంటుంది. బొమ్మలు, సీఎస్ఎస్ లాంటివి తనే ఇచ్చేస్తుంది, మిగతావి లోపలికి 8000 పోర్టుకు పంపుతుంది. 'సైట్స్ అవైలబుల్'లో ఫైలు రాసి, 'సైట్స్ ఎనేబుల్డ్'లోకి లింకు వేసి, అక్కడున్న డిఫాల్ట్‌ను తీసేయండి. లోపలికి పంపేటప్పుడు అసలు హోస్ట్ పేరు, వచ్చినవాళ్ల ఐపీ, హెచ్‌టీటీపీఎస్సా కాదా అన్నవి హెడర్లలో జతచేయాలి. లేకపోతే యాప్‌కు అందరూ 127.0.0.1 నుంచే వచ్చినట్టు కనబడతారు. ప్రతి మార్పు తర్వాత 'ఎంజినెక్స్, హైఫన్ టీ', అది ఓకే అన్నాకే రీలోడ్.

రెండు అంకెలు బట్టీ పట్టండి. 502 వస్తే ఎంజినెక్స్ బతికే ఉంది, వెనక యాప్ పోయింది. 413 వస్తే ఎవరో పెద్ద ఫైలు పంపారు, ఎంజినెక్స్ ఒక ఎంబీ దాటితే ఒప్పుకోదు. ఈ కాలం ఫోను ఫోటో ఒక్కటి మూడు నాలుగు ఎంబీలు. చెల్లింపు స్క్రీన్‌షాట్ వెళ్తోంది, పుస్తకం పేజీ ఫోటో తీస్తే వెళ్లట్లేదు అని మావయ్య వారం రోజులు మొత్తుకుంటే గానీ నాకు వెలగలేదు. 'క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్' పది ఎంబీలు చేయండి.

డేటాబేస్, మన అక్షరాలు

పోస్ట్‌గ్రెస్ పెట్టండి. అది మొదటినుంచీ సొంత యంత్రం మాటే వింటుంది, అలాగే ఉండనివ్వండి. డేటాబేస్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చూసుకోండి. మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లు 'యూటీఎఫ్8ఎంబీ4' అన్నదే ఎంచుకోవాలి. తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు కాబట్టి పాత మూడు బైట్ల 'యూటీఎఫ్8'లోనూ పడుతుంది, అంతా బాగుందనిపిస్తుంది. ఎవరో ఆర్డరు చివర ఒక చేప బొమ్మ ఎమోజీ పెడతారు, దానికి నాలుగు బైట్లు కావాలి, అక్కడ తెగుతుంది.

తెలుగులో ఇంకో తలనొప్పి ఉంది, ఇది ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో దొరకదు. కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరం. 'ఫైర్‌వాల్' లాంటి మాటల్లో ర్ తర్వాత వ ఒత్తుగా కలిసిపోకుండా ఆపేది అదే. కొన్ని కీబోర్డులు దాన్ని మాట చివర కూడా వదిలేస్తాయి. ఒకే బోటు పేరు రెండు ఫోన్ల నుంచి కొడితే కంటికి ఒకటే, డేటాబేస్‌కు రెండు. పాత బాకీ ఒక పేరు మీద, కొత్త ఆర్డరు ఇంకో పేరు మీద. మా దగ్గర ఒక సరంగు మూడు నెలలు బాకీ లేనివాడిగా తిరిగాడు, పాపం అతనికీ తెలియదు. సేవ్ చేసేముందు పేరు చివరి ఖాళీలను, ఈ కనిపించని అక్షరాన్ని తీసేసి, యూనికోడ్ నార్మలైజ్ చేయండి. జాంగోలో అది మూడు వరసల పని.

పీడీఎఫ్ బిల్లులు తెలుగులో కావాలంటే సర్వర్ మీద తెలుగు ఫాంట్లు ఉండాలి. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి కాబట్టి అక్కడ బాగా వస్తుంది, సర్వర్‌లో అన్నీ డబ్బాలే. డెబియన్‌లో 'ఫాంట్స్ తెలు' ప్యాకేజీ గానీ నోటో ఫాంట్లు గానీ పెట్టండి. ఫాంటు ఉన్నా ఒత్తులు విడిపోయి పడుతుంటే పీడీఎఫ్ చేసే లైబ్రరీకి అక్షరాలు కలపడం రాదని అర్థం. వీజీప్రింట్ అనే లైబ్రరీ ఆ పనిని పాంగో అనే అక్షరాలు పేర్చే సాధనానికి అప్పగిస్తుంది, పాంగోకు తెలుగు వచ్చు.

సర్టిఫికెట్, జూన్ రాత్రి

డొమైన్ పేరును సర్వర్ ఐపీకి చూపించండి. డీఎన్ఎస్‌లో (పేరుకు ఐపీ చూపే పట్టికలో) 'ఏ' అక్షరం నాలుగుసార్లున్న రికార్డు, అంటే ఐపీవీ6ది, పాత యంత్రాన్ని చూపిస్తూ మిగిలిపోయిందేమో చూడండి. ఉంటే కొందరి ఫోన్లలో సైటు వస్తుంది, కొందరికి రాదు, మీకు పిచ్చెక్కుతుంది. ఆ తర్వాత సెర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్, దాని ఎంజినెక్స్ ప్లగిన్ పెట్టి నడిపితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు కావాల్సిన సర్టిఫికెట్ ఉచితంగా వస్తుంది. గడువు 90 రోజులు. 30 రోజులు మిగిలినప్పటి నుంచి సెర్ట్‌బాట్ టైమర్ రోజుకు రెండుసార్లు ప్రయత్నించి తనే పొడిగించుకుంటుంది.

పొడిగించుకోవాలంటే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు మీ 80 పోర్టుకు వచ్చి, మీరు మీరేనా అని చూసి వెళ్లాలి.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే, ఐసు అడిగేవాడు లేడు. ఆ ఖాళీలో నేను సర్వర్‌ను శుభ్రం చేద్దామని కూర్చుని, అంతా హెచ్‌టీటీపీఎస్సే కదా అని ఫైర్‌వాల్‌లో 80 మూసేశాను. మార్చి మొదట్లో తీసుకున్న సర్టిఫికెట్. ఏప్రిల్ నెలాఖరు నుంచి సెర్ట్‌బాట్ రోజూ ప్రయత్నించి, రోజూ విఫలమై, జర్నల్‌లో బుద్ధిగా రాసుకుంటూ పోయింది. మే 30న గడువు తీరింది. సైటు తెరిచినవాడు లేడు, అడిగినవాడు లేడు.

జూన్ 13 సాయంత్రం హార్బర్ మొత్తం ఒక్కసారి లేచింది. డీజిల్ డ్రమ్ములు, వలలు, ఐసు. ఫోను తెరిచిన ప్రతివాడికీ ఎర్ర త్రికోణం, దొంగలు మీ సమాచారం కాజేయొచ్చన్న హెచ్చరిక. ఒక సరంగు మావయ్యకు ఫోను చేసి, 'మీ యాపులో దొంగలున్నారని సెప్తంది మావా, డబ్బులు చేతికే ఇస్తాను' అన్నాడు. నా యాప్ నాలుగోసారి పడిపోవడం ఇదే. ఆ రాత్రి మళ్లీ చిరిగిన పుస్తకమే బయటికొచ్చింది.

మీరు చేయాల్సింది ఇది. 80 తెరిచే ఉంచండి. సర్టిఫికెట్ వచ్చిన రోజే 'సెర్ట్‌బాట్ రెన్యూ, డ్రై రన్' నడిపి చూడండి. ఫైర్‌వాల్ మీద చెయ్యి వేసిన ప్రతిసారీ మళ్లీ చూడండి. గడువు దగ్గరపడుతోందని ఎవరో మెయిలు పెడతారనుకోకండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఆ మెయిళ్లను 2025 జూన్‌లో ఆపేసింది. ఇంకో యంత్రం నుంచి, ఇంట్లో పాత ల్యాప్‌టాప్ అయినా సరే, రోజుకోసారి సైటును తెరిచి చూసే 'కర్ల్' కమాండ్ కొట్టి, జవాబు సరిగా రాకపోతే మీ టెలిగ్రామ్‌కు సందేశం పంపే చిన్న స్క్రిప్టు పెట్టుకోండి. చచ్చిన సర్వర్ తాను చచ్చానని చెప్పలేదు, కాపలా బయటే ఉండాలి. పైగా ఈ గడువులు ముందుముందు ఇంకా తగ్గుతున్నాయి. 2029 నాటికి ఏ కంపెనీ సర్టిఫికెట్ అయినా 47 రోజులకు మించి ఇవ్వకూడదని బ్రౌజర్లవాళ్లూ సర్టిఫికెట్లవాళ్లూ కలిసి తీర్మానించుకున్నారు.

బ్యాకప్, నిండిపోయిన డిస్కు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన రోజు ఊళ్లో ఉన్నవాళ్లకు బ్యాకప్ ఇంకో ఊళ్లో ఎందుకుండాలో చెప్పక్కర్లేదు. కరెంటు, ఫోను లేక రోజులు గడిచాయి. మావయ్య పుస్తకం తడిసి ముద్దయింది, ఆ ఏడాది బాకీల్లో సగం నోటిమాట మీదే తేలాయి.

రోజూ రాత్రి 'పీజీ డంప్' (డేటాబేస్ ప్రతి తీసే కమాండ్), కస్టమ్ ఫార్మాట్‌లో. ఆ ఫైలును 'రెస్టిక్' లాంటిదానితో ఎన్‌క్రిప్ట్ చేసి ఇంకో కంపెనీ నిల్వకు పంపండి. అదే కంపెనీలో ఇంకో డిస్కు కాదు, ఇంకో కంపెనీ. ఖాతాయే పోతే రెండూ పోతాయి. నెలకోసారి ఆ ఫైలును ల్యాప్‌టాప్‌లో 'పీజీ రీస్టోర్' చేసి, నిన్నటి ఆర్డర్లు కనబడుతున్నాయా చూడండి. ఫైలు ఉండడం వేరు, అది తెరుచుకోవడం వేరు.

పాత డంపులను సర్వర్ మీదినుంచి తీసేయడం మాత్రం మరువకండి. మూడోసారి నా యాప్‌ను పడేసింది బ్యాకప్‌లే. రోజుకొకటి పేరుకుని డిస్కును నింపేశాయి. డిస్కు నిండితే పోస్ట్‌గ్రెస్ రాయలేదు, రాయలేకపోతే ఆగిపోతుంది. వారం దాటినవాటిని 'ఫైండ్'తో తీసేయండి, జర్నల్ పరిమాణానికి జర్నల్‌డీ కాన్ఫిగ్‌లో ఒక హద్దు పెట్టండి, 'డీఎఫ్, హైఫన్ హెచ్' లెక్క 80 శాతం దాటితే ఆ కాపలా స్క్రిప్టే చెప్పేలా చేయండి.

పెద్ద మార్పులకు సమయం

మీ వ్యాపారానికీ ఒక నిషేధకాలం ఉంటుంది, ట్యూషన్ సెంటరుకు వేసవి సెలవుల్లాగా. ఓఎస్ వెర్షన్ మార్పు అప్పుడే పెట్టుకోండి. డెబియన్‌లో ఒక్కో మెట్టే ఎక్కాలి, 11 నుంచి 13కు దూకకూడదు. 12 నుంచి 13కు వెళ్తే పైథాన్ 3.11 నుంచి 3.13 అవుతుంది కాబట్టి వెన్వ్‌ను తీసేసి మళ్లీ కట్టాలి. పోస్ట్‌గ్రెస్ 15 పక్కన 17 వచ్చి కూర్చుంటుంది, మీ డేటా మాత్రం 15లోనే ఉండిపోతుంది. 'పీజీ అప్‌గ్రేడ్ క్లస్టర్' నడిపితేనే అది కదులుతుంది. ఇదంతా మొదలుపెట్టేముందు సర్వర్ స్నాప్‌షాట్ తీసి, డంపు వేరే చోటికి చేరిందని కళ్లతో చూసుకోండి.

నేను ఇప్పుడు ప్రతి ఏడాదీ జూన్ 10న ఒక గంట కూర్చుంటాను. సెర్ట్‌బాట్ డ్రై రన్, డిస్కు లెక్క, ఒక రీబూట్. తర్వాత వైఫై తీసేసి, మొబైల్ డేటా మీద మామూలు సరంగులా లాగిన్ అయి ఒక ఆర్డరు పెడతాను. ఆర్డరు లోపల కనిపించాక దాన్ని చెరిపేయండి. నిరుడు నేను మరిచిపోయాను, మావయ్య నా పేరున నలభై దిమ్మలు బండికెత్తించి జెట్టీకి పంపించేశాడు.